పేలిక కట్టిన స్విచ్చి

దెయ్యాలంటే మిరపకాయకి భయం లేదు. నమ్మకమే లేదు. అవి ఉన్నాయా లేవా అన్న పేచీ కాదు, ఉన్నాయని రోజూ చూస్తూనే ఉంది. అవి నిజం చెబుతాయన్న నమ్మకం లేదు. బతికినన్నాళ్ళూ అబద్ధాలాడిన మనుషులు పోగానే నిజాయితీపరులైపోతారా ఏమిటి?

పదహారేళ్ళ పిల్ల. నోరు తెరిచిందంటే ఎదుటివాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరగాల్సిందే కాబట్టి లాండ్రీలో ఆడవాళ్ళంతా కలిసి ఆ పేరు పెట్టారు. బడి వదలగానే తిన్నగా అక్కడికే వచ్చేది. ఆరిన దుప్పట్ల గుట్ట మీద ఎక్కి కూర్చుని, ఆరింటికి అమ్మ పని దిగేదాకా చదువుకునేది.

ఊళ్ళోని ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఉతికే లాండ్రీ అది. పొడవాటి రేకుల షెడ్డు. ఒక కొసన ఉతికే మిషన్లు, ఇంకో కొసన ఇస్త్రీ బల్లలు, మధ్యలో ఆరబెట్టే డ్రమ్ములు నాలుగు. ఒక్కో డ్రమ్ములో మనిషి వంగి నిలబడొచ్చు. సబ్బు వాసన, తడి నూలు వాసన, వాటి కింద ఎప్పుడూ పోని మందుల వాసన. మిషన్ల హోరులో మాట వినపడదు కాబట్టి సూపర్‌వైజర్ ఈల ఊదేవాడు. ఒక ఈల అంటే డ్రమ్ము తిప్పమని. రెండు ఈలలంటే ఆపమని. వెనకాల అందరూ ఆయన్ని ఈల సారనే అనేవాళ్ళు.

ఆ డ్రమ్ముల దగ్గర మిరపకాయ అమ్మా, పాటల పిన్నీ తొమ్మిదేళ్ళుగా పక్కపక్కనే పని చేశారు. పిన్ని సొంత పిన్నేం కాదు. కానీ మిరపకాయకి జడ వెయ్యడం దగ్గర్నుంచి దెబ్బ తగిలితే ఊదడం దాకా అన్నీ ఆవిడే. పెదాల మీద ఎప్పుడూ ఏదో కూనిరాగం. అలాంటి పిన్ని పదకొండు రోజుల నుంచి పనిలోకి రావడంలేదు.

"వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదు," అంది ఇస్త్రీ అత్త.

"వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదు," అన్నాడు ఈల సార్.

వ్యాన్ డ్రైవరూ అదే అన్నాడు. చివరికి అమ్మ కూడా, అక్షరం పొల్లు పోకుండా, అదే అంది. మిరపకాయ మెదడులో పురుగు తొలిచింది అక్కడే. నలుగురు ఒకే సంగతి చెబితే నిజం కావచ్చు. నలుగురూ ఒకే మాటల్లో చెబితే అది వల్లెవేసిన పాఠం.

పైగా తనకి అన్నయ్య ఉన్నట్టు పిన్ని తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా అనలేదు.

పన్నెండో రోజు సాయంత్రం మిరపకాయకి పిన్ని కనిపించింది. మూడో డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. జుట్టంతా దుప్పట్ల నుంచి రాలే బూడిదరంగు నూగు, కనురెప్పల మీద కూడా. పెదాలు కదులుతున్నాయి గానీ పాట లేదు.

మిరపకాయ చేతిలో పెన్ను జారిపోయింది. భయంతో కాదు. పిన్ని ఇక లేదన్నమాట...

దెయ్యాల తీరు ఆమెకి కొట్టినపిండి. బస్టాపులో గడియారం చూసుకునే ముసలాయన, బడిలో నల్లబల్ల తుడిచే మాస్టారు... అన్నీ ఒకటే వరస. పోయే ముందు ఏ పని చేశారో ఆ పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంటాయి. మనిషి వంక చూడవు. పిన్ని కూడా ఏదో చేస్తోంది. రెండు చేతులూ స్విచ్చి పిడి దగ్గర గాల్లో తిరుగుతున్నాయి. చుట్టు... ఇంకో చుట్టు... లాగడం. చుట్టు... ఇంకో చుట్టు... లాగడం.

ముడి వేస్తోంది.

దేనికో మిరపకాయకి తెలుసు. డ్రమ్ము లోపలి జల్లెడకి నూగు పట్టినా, దుప్పటి ఇరుక్కున్నా, ఒకరు లోపలికి దూరి తియ్యాలి. దూరే ముందు ఎవరి పేలిక వాళ్ళు స్విచ్చికి కట్టుకోవాలి. అమ్మది పసుపు గుడ్డ, పిన్నిది ఆకుపచ్చ. పేలిక ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. కట్టిన మనిషే విప్పాలి. అప్పటిదాకా ఆ స్విచ్చి ఎవరూ ముట్టుకోకూడదు.

మరి పిన్ని పేలిక కట్టే లోపలికి వెళ్ళిందిగా. ఎవరు ముట్టుకున్నారు?

ముందు ఇస్త్రీ అత్త దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, పిన్ని ఆకుపచ్చ పేలిక ఏది?"

"నాకేం తెలుసు? నేనేమైనా దాని పేలికకి కాపలానా? నేనా రోజు డ్రమ్ముల వైపే రాలేదమ్మా!"

"ఏ రోజు?"

ఇస్త్రీ అత్త నోరు టక్కున మూసుకుపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పుస్తకాల్లో చదవడమే గానీ, కళ్ళారా చూడటం మిరపకాయకి అదే మొదలు. పెట్టె కింద బట్ట మాడి పొగ వస్తున్నా అత్త చూసుకోలేదు.

ఈల సార్ అయితే మెడలో ఈల సర్దుకుంటూ, "చదువుకునే పిల్లవి, చదువుకోక నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు.

"చదువుకుంటున్నా కాబట్టే అడుగుతున్నాను సార్. ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదు."

"మీ అమ్మ ఉద్యోగం కావాలా వద్దా?"

"అది కూడా ప్రశ్నే సార్."

ఆయన రుసరుసలాడుతూ వెళ్ళిపోయాడు. షెడ్డులో వాళ్ళంతా తేలుకుట్టిన దొంగల్లా తలలు వంచుకుని పనిలో పడ్డారు. మిరపకాయ ఒక్కొక్కరి మొహమే చూసింది. అందరికీ తెలుసు. ఒక్కరికి కాదు, అందరికీ.

ఆకుపచ్చ పేలిక శనివారం దొరికింది. లాండ్రీలో కాదు, ఇంట్లో. తెగిన గుండీ కోసం అమ్మ సూదుల డబ్బా తీస్తే, దారపు ఉండల అడుగున ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి...

వంటింట్లో అమ్మ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. మిరపకాయ ఆ గుడ్డని గట్టు మీద పెట్టింది.

అమ్మ స్టవ్ ఆపేసింది. గోడకేసి చూస్తూ, గుసగుసగా మాట్లాడింది.

"రోజుకి పాతికసార్లు కట్టడం, విప్పడం... విసుగేసి అందరం విప్పడం మానేశామే. పేలికలు స్విచ్చిలకే వేలాడుతుండేవి. అవి ఉన్నా నొక్కేసేవాళ్ళం. నేనూ, అదీ, అందరం. అలవాటైపోయింది."

"అమ్మా..."

"ఆ రోజు లోడు లేటయింది. ఈల పడింది. పేలిక కనిపించింది నాకు. రోజూ కనిపించేదేగా... నొక్కాను."

మిరపకాయ గట్టు మీది గుడ్డని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"దాన్ని వ్యాన్‌లో తీసుకెళ్ళారు. ఎక్కడికని నేను అడగలేదు. అడగలేకపోయాను. పేలికున్నా నొక్కడం అందరూ చేసిన తప్పే, బయటికొస్తే అందరం పోతామన్నాడు ఈల సార్. అందరం ఒట్టేసుకున్నాం."

"పిన్ని అక్కడే ఉందమ్మా. మూడో డ్రమ్ము దగ్గర."

కూతురికి అలాంటివి కనిపిస్తాయని అమ్మకి తెలుసు. ఎవరితోనూ అనొద్దని చిన్నప్పుడే నోరు నొక్కింది. ఇప్పుడు మాత్రం గబుక్కున తిరిగింది.

"నన్ను చూస్తోందా?"

"అవి ఎవరినీ చూడవు."

అది అబద్ధం. నిన్న సాయంత్రం అమ్మ బుట్ట తోసుకుంటూ అటు వెళుతుంటే, పిన్ని చేతులు ఆగాయి. తల తిరిగింది. అమ్మ కనుమరుగయ్యేదాకా ఆ చూపు వదల్లేదు. ఇన్నేళ్ళలో ఏ దెయ్యమూ అలా చెయ్యలేదు.

"రేపు మూడో డ్రమ్ము శుభ్రం చెయ్యాలి," అంది అమ్మ. "అది పోయిన దగ్గర్నుంచి లోపలికి వెళ్ళడానికి ఒక్కరూ ఒప్పుకోవడంలేదు. నేను వెళ్తానన్నాను. లోపల ఒక్కసారి దాన్ని క్షమించమని అడగాలి. తర్వాత పోలీసుల దగ్గరికి తీసుకెళ్తావో, ఎక్కడికి తీసుకెళ్తావో నీ ఇష్టం."

మిరపకాయ ఎంత వాదించినా అమ్మ వినలేదు. అమ్మ మొండితనమే కదా కూతురికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. బయట వాన. రేకుల మీద గులకరాళ్ళు దొర్లుతున్నట్టు మోత. మబ్బుకి షెడ్డు సగం చీకటైపోయింది. పని లేదు. ఉన్నది అమ్మ, మిరపకాయ, గేటు దగ్గర తాళాలతో ఈల సార్. ఆగిపోయిన మిషన్లు వరసగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

అమ్మ పసుపు పేలిక కట్టింది. అది చాలదనుకుంది మిరపకాయ. మూడో డ్రమ్ము ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. ఆపైన రెండు చేతులతో స్విచ్చి పిడి పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఈల సార్ కాదు, వాళ్ళ తాత వచ్చినా ఇది తిరగదు. ఇక పిన్ని... పిన్ని మనసులో ఏముందో దాని సంగతి నేను చూసుకుంటాను అనుకుంది.

అమ్మ టార్చి వెలిగించి, వంగి, లోపలికి దూరింది. వెలుగు డ్రమ్ము చిల్లుల్లోంచి కాసేపు మినుకుమంది. తర్వాత అదీ వెనక్కి, లోపలికి పోయింది.

చెంప పక్కన చల్లబడింది.

పిన్ని వచ్చింది. మిరపకాయ మోచేతికి జానెడు దూరంలో నిలబడింది. తడి నూలు, మాడిన నూగు వాసన.

"పిన్నీ," అంది మిరపకాయ, పళ్ళ బిగువున. "అమ్మ జోలికి వెళ్ళావంటే ఊరుకోను. చనిపోయావని కూడా చూడను."

పిన్ని ఈసారి ముడి వెయ్యడంలేదు. చేతులు రెండూ ఊరికే కిందికి వేలాడుతున్నాయి. డ్రమ్ము తలుపు వంకే చూస్తోంది.

లోపలినుంచి అమ్మ గొంతు. మెల్లగా.

"అవునే... తప్పు నాదే... చూసి కూడా నొక్కాను..."

మాట్లాడనీ పాపం, అనుకుంది మిరపకాయ. మనసులో భారం దిగనీ.

"ఊఁ... ఊఁ... అలాగే..."

ఊ కొడుతోంది.

ఎవరైనా చెబుతుంటే కదా ఊ కొట్టేది.

మిరపకాయ పక్కకి చూసింది. పిన్ని ఇక్కడే ఉంది. పెదాలు కదలడంలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు...

దెయ్యం భయపడటం మిరపకాయ ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా! బయటికి రా!"

వాన మోత. డ్రమ్ము లోపల రేకు మీద ఏదో నెమ్మదిగా జరిగిన చప్పుడు. ఒకటి. తర్వాత, దానికి దూరంగా, ఇంకొకటి.

"అమ్మా!! వచ్చేయ్!"

టార్చి వెలుగు ముందుకొచ్చింది. తర్వాత అమ్మ తల, భుజాలు. మిరపకాయ పిడి వదిలేసి చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. ఎక్కడా గీత కూడా పడలేదు. ఒళ్ళంతా నూగు. దాని మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. అమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. పిన్ని పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

"క్షమించిందే నన్ను," అంది మిరపకాయని గట్టిగా వాటేసుకుని. "చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపో వదల్లేదు. నీకు నామీద కోపం లేదా అంటే లేదంది. గుండె తేలికైపోయిందే తల్లీ."

అమ్మ భుజం మీదుగా మిరపకాయ చూస్తోంది. పిన్ని అటు గోడ దాకా వెళ్ళిపోయి, వీపు ఆనించి నిలబడింది. అమ్మనీ చూడటంలేదు, తననీ చూడటంలేదు. తెరిచి ఉన్న డ్రమ్ము తలుపునే చూస్తోంది.

"సరే అమ్మా... పద. ముందిక్కణ్ణుంచి పద..."

"ఉండవే, అంత తొందరేంటి!" అమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "నీ గురించి ఎన్ని అడిగిందో. ఎంత ఎత్తయ్యావు, ఏ వేళకి వస్తావు, ఎక్కడ కూర్చుంటావు... చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిరిగిన మనిషి, పాపం, ఏం మరచిపోయిందో ఏమో. చివర్లో నీ పేరు కూడా అడిగింది."

గోడ దగ్గర పిన్ని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"చెప్పాను," అంది అమ్మ.