వినకుండా రాసిన అంకె

"అమ్మో, నొప్పులు ఆగట్లేదు సిస్టరమ్మా!" అంటూ కూతురు సోఫాలో వెల్లకిలా పడుకుని కాళ్ళు తపతపా కొట్టుకుంది. గౌను కింద దిండు ఎత్తుగా ఉంది. పదకొండేళ్ళ పిల్ల. ఒక్క క్షణం ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. బడి బండి రావడానికి ఇంకా అరగంట ఉంది.

"అరవకుండా ఊపిరి పీల్చుకో తల్లీ," అంది తల్లి నవ్వు ఆపుకుంటూ. ఒకప్పుడు ఆమె ప్రసూతి వార్డులో నర్సు. ఏడేళ్ళ కిందట మానేసింది. ఇప్పుడు మళ్ళీ చేరతానని దరఖాస్తు పెట్టుకుంది. మూడు నెలలు తర్ఫీదు ఇచ్చి తీసుకుంటామన్నారు. రేపు పదింటికి రమ్మన్నారు. వారం రోజులుగా పాత పుస్తకాలు దులిపి చదువుతోంది, ఇంట్లో దొరికిన వాళ్ళందరి చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. పాలు పోసే అతని నాడి కూడా చూసేసిందని భర్త అందరికీ చెప్పి నవ్విస్తున్నాడు.

గర్భంలోని బిడ్డ గుండె వినే చెక్క గొట్టాన్ని దిండు మీద ఆనించి, చెవి పెట్టి, చేతి గడియారం చూసుకుంది.

"ఎంత సిస్టరమ్మా?"

"నూట నలభై. బాగుంది."

పిచ్చుక గబుక్కున లేచి కూర్చుంది. "దొంగా! దిండుకి గుండె ఎక్కడుంది? వినకుండానే చెప్పేశావ్!"

భర్త పకపకా నవ్వాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. గొట్టాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేసింది.

"ఈ ఫారంలో ఒక్క గడి వదిలేశావేంటి? నేనే నింపేశాలే," అని భర్త కాగితం తెచ్చి చూపించాడు. 'విధులు మానడానికి కారణం' అన్నదానికి ఎదురుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, 'అత్తగారి తుంటి ఎముక విరిగినందున, ఆమెను చూసుకోవడానికి' అని ఉంది. "ఇది చదివాక వాళ్ళు లేచి నిలబడి మరీ ఉద్యోగం ఇస్తారు. చూడు కావాలంటే."

ఆ గడిని వారం రోజులుగా ఆమె రోజుకు నాలుగుసార్లు చూసింది. ఇంటికి ఎవరొచ్చినా భర్త చెప్పే మొదటి మాట అదే. మా ఆవిడ మా అమ్మ కోసం బంగారంలాంటి ఉద్యోగం వదిలేసింది అంటాడు. విన్నవాళ్ళు ఆమెను మెచ్చుకుంటారు. అప్పుడు అత్తగారు తల దించుకుంటుంది, ఆమె కూడా తల దించుకుంటుంది. ఇద్దరూ మొహమాటస్తులని వచ్చినవాళ్ళు అనుకుని వెళ్ళిపోతారు.

పిచ్చుకను బండి ఎక్కించి ఆమె లోపలికి వచ్చేసరికి అత్తగారు ముందుగదిలో కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. కాళ్ళ దగ్గర బట్టల సంచీ ఉంది, దాని జిప్పు పూర్తిగా పట్టక మందుల డబ్బా మూత బయటికి కనిపిస్తోంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"అమ్మాయి దగ్గరికి. వస్తానంది, దారిలో ఉంది."

"అమ్మా, దాని ఇల్లు మూడో అంతస్తు! లిఫ్టు కూడా లేదు," అన్నాడు భర్త గాభరాగా.

"ఎక్కేటప్పుడే కదా కష్టం? ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగే పనేముంది నాకు?" అని అత్తగారు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఏడేళ్ళు చేసింది చాల్లేరా. ఇప్పుడైనా దాన్ని నిశ్చింతగా డ్యూటీకి పోనీ. నేనిక్కడుంటే అది అక్కడున్నా మనసు ఇక్కడే ఉంటుంది."

ఆడపడుచు వచ్చింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"బాగుంది వదినా! ఇన్నాళ్ళూ ఊరంతా నిన్ను పొగిడింది. ఇప్పుడు ఉద్యోగం గుర్తొచ్చేసరికి అమ్మ అడ్డమైపోయిందా?"

"నువ్వు నోరు ముయ్యి," అంది అత్తగారు. "రమ్మని నిన్ను పిలిచింది నేను. అడ్డం పడింది కూడా నేనే. చేతిలో పనున్న పిల్ల, పదిమందికి కాన్పు చేసే పిల్ల, నా మూలంగా వంటింట్లో మగ్గిపోయింది. ఎప్పుడైనా ఒక్క మాటన్నదా నన్ను? అనకపోతేనే నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది."

అత్తగారు సంచీ పట్టీ అందుకోబోయింది. కోడలు వంగి ఆ చేతిని పట్టుకుంది.

"మీ కోసం మానలేదు అత్తయ్యా."

ఎవరికీ అర్థం కాలేదు.

"మీరు పడక ముందే నేను మానేయాలనుకున్నాను. భయపడి మానేశాను." ఆమె అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఆ రోజు వార్డులో ముగ్గురు నొప్పులు పడుతున్నారు, నేనొక్కదాన్నే. పావుగంటకోసారి బిడ్డ గుండె విని, కాగితం మీద గడిలో అంకె వేయాలి. ఒకామె దగ్గర ఒక పావుగంట తప్పింది. నేను వినలేదు. తర్వాత చూస్తే గడి ఖాళీగా ఉంది. పెద్ద నర్సు తనిఖీకి వస్తోంది. నూట నలభై అని వేసేశాను."

"అంతేనా?" అన్నాడు భర్త.

"మళ్ళీ విన్నప్పుడు ఎనభై ఉంది. పరుగు పరుగున ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. బిడ్డ ఏడవలేదు. పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. డాక్టరుగారు కాగితం చూసి, 'అప్పటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి పడిపోయింది, ఎవరూ ఏం చేయలేరు' అని ఆ తల్లికి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో దూది పట్టుకుని. ఆ అంకె అబద్ధమని చెప్పలేదు."

ఆడపడుచు మెల్లగా కుర్చీలో కూలబడింది.

"రెండు వారాల తర్వాత మీరు స్నానాలగదిలో పడ్డారని ఫోనొచ్చింది. ఎముక విరిగిందన్నారు. అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో తెలుసా అత్తయ్యా? అమ్మయ్య అనిపించింది. ఇక వార్డుకి వెళ్ళక్కర్లేదు, ఎందుకు మానేశావని ఎవరూ అడగరు అనుకున్నాను. మీరు ఆరు నెలల్లో లేచి తిరిగారు. నేనే లేవలేదు."

"ఇదంతా ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడు భర్త నీరసంగా. ఏడేళ్ళుగా అందరికీ చెప్పుకున్న మాట ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయినట్టు ఉన్నాడు.

అత్తగారు అతన్ని పట్టించుకోలేదు. కోడలి చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

"ఏడేళ్ళు," అంది. "తుమ్మాలన్నా మొహమాటపడ్డాను ఈ ఇంట్లో. కర్ర కింద పడితే నిన్ను పిలవకుండా గోడ పట్టుకుని వంగి నేనే తీసుకునేదాన్ని. నీ బతుకు మింగేశానని ముద్ద మింగుడుపడక చచ్చాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావా అమ్మాయ్?"

"ఊరుకున్నాను."

అత్తగారు లేచి, కర్ర టకటకలాడించుకుంటూ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. వంటింట్లో పాలు పొంగి మాడువాసన వచ్చింది. భర్త వెళ్ళి స్టవ్ కట్టేశాడు. ఆడపడుచు సంచీని అటు జరిపి ఇటు జరిపి, "వదినా, కాసిని మంచినీళ్ళు తాగు," అంది. ఆ ఇంట్లో ఆమె వదినకు మంచినీళ్ళివ్వడం అదే మొదలు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఆ బిడ్డ ఎలా ఉన్నాడు?" అంది అత్తగారు గుమ్మంలోనే నిలబడి.

అంతవరకూ ఏడవని కోడలు ఆ మాటకు బావురుమంది. "తెలీదత్తయ్యా. ఇంటికి పంపించేశారు. తర్వాత కనుక్కోలేదు. భయమేసింది."

"ఇప్పుడు బడికి పోతుంటాడు."

"వెళ్ళగలుగుతున్నాడో లేదో."

"ఆ తల్లి కూడా నాలాగే తప్పంతా తనదే అనుకుంటోందేమో. బరువెత్తానా, ఏం తిన్నాను, ఎలా పడుకున్నాను అని." అత్తగారు వచ్చి బల్ల మీది ఫారం తీసుకుంది, కళ్ళజోడు లేక దూరంగా పెట్టి చూసింది. "నా ఊసు కొట్టెయ్. నాకు చెప్పావు, సరే. చెప్పాల్సిన చోట చెప్పు. వాళ్ళు తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే ఇంట్లో ఉందువు. నన్ను మాత్రం అడ్డం పెట్టుకోకు."

"మరి సంచీ?" అంది ఆడపడుచు.

"లోపల పెట్టు. నా కోపం తీరేదాకా నేనెక్కడికీ రాను."

మర్నాడు ఆస్పత్రికి అత్తగారు కూడా బయలుదేరింది. ఎవరెంత వద్దన్నా వినలేదు.

తర్ఫీదు ఇచ్చే నర్సమ్మ ఫారం రెండుసార్లు చదివింది. కొట్టేసిన వాక్యం కింద ఇప్పుడు ఆరు వరుసలున్నాయి. చదివాక కళ్ళజోడు తీసింది.

"ఇది మీరు రాయకపోతే మాకెవరికీ తెలిసేది కాదు."

"తెలుసండి."

"ఆ రోజు ఆ గడి ఖాళీగా ఎందుకు వదల్లేదమ్మా?"

"ఖాళీగా ఉంటే నన్ను తిడతారనుకున్నాను. బిడ్డ గురించి ఆలోచించలేదు."

నర్సమ్మ ఫారం మడిచి ఫైల్లో పెట్టింది. "ఇది నేనొక్కదాన్నే తేల్చేది కాదు. పైవాళ్ళకు పంపాలి. పాత రికార్డు తీయిస్తారు. ఆ తల్లి దొరికితే ఆవిడకీ చెప్పాలి. అప్పుడు మీరూ అక్కడ ఉండాలి."

"ఉంటాను."

"వాళ్ళు సరేనంటే, మూడు నెలలూ మీరు రాసే ప్రతి అంకె పక్కన ఇంకొకరు కూడా విని సంతకం పెడతారు. కొత్తగా వచ్చిన పిల్లల ముందు ఇబ్బందిగా ఉంటుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చానండి."

బయట నడవలో బల్ల మీద అత్తగారు కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన నిండు గర్భిణి ఒకామె ఆవిడకు ఏదో చెప్పుకుంటోంది. కోడల్ని చూడగానే అత్తగారు ఆ మాటలు ఆపించింది.

"ఏమన్నారు?"

"ఇంకా ఏం చెప్పలేదు. ఆ తల్లిని వెతుకుతారట. నేను ఎదురుగా ఉండాలట."

"ఉంటానన్నావా?"

"అన్నాను."

అత్తగారు తలూపింది. మొహంలో కోపం పూర్తిగా పోలేదు. కానీ చెయ్యి చాపింది. అడగడానికి జంకే చెయ్యిలా లేదది, హక్కున్న చెయ్యిలా ఉంది.

"లేపు. కాళ్ళు పట్టేశాయి. ఇంత ఎత్తు తక్కువ బల్లలు ఎవడు చేయించాడో! అలా కాదు, గట్టిగా పట్టుకో. నర్సువి కదా, నేర్పించాలా నీకు?"

కోడలు గట్టిగా పట్టుకుంది. అత్తగారు ఒంటి బరువంతా ఆమె మీద వేసి లేచింది. ఇద్దరూ ఒక్కో అడుగే వేసుకుంటూ నడవలో నడుస్తుంటే, కోడలు కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ చెయ్యి వదల్లేదు.