వెర్నా గురక

ఆదివారం పొద్దున వెర్నా పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తోంది. కెనడాలో, సస్కాచువాన్‌లోని ఒక చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడుపుతున్న మనిషి. బల్ల దగ్గర భర్త ఓరెస్ట్, మరిది బోదాన్, కూతురు లారిసా కాఫీ తాగుతున్నారు.

"మా ఇంటి సింహం పాట వినండి," అంటూ ఓరెస్ట్ రాత్రి రికార్డు చేసింది ఫోన్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

గురక. వంటిల్లంతా మోగిపోయింది.

"వదినా, మా కోత యంత్రం కూడా ఇంత గోల చెయ్యదు," అన్నాడు బోదాన్. లారిసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెర్నా చెవులు వేడెక్కాయి. ఈ గురక తగ్గాలని పక్కకి తిరిగి పడుకుంది, దిండు ఎత్తు చేసుకుంది, సాయంత్రం వైను మానేసింది. మేనకోడలి పెళ్లికి పోయినప్పుడు హోటల్లో కుర్చీలోనే తెల్లవార్చింది, ఎవరైనా వింటారేమోనని.

ఇంతలో ఫోన్లో గురక ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్లలోంచి తేలినట్టు ఒక్క ఎగశ్వాస. అందరూ గొల్లున నవ్వారు.

"మళ్లీ వెయ్యి," అంది వెర్నా. ఈసారి ఆమె ఆ నిశ్శబ్దాన్నే వింది. విని, స్టవ్ ఆపేసింది.

"నిద్రలో ఊపిరి ఆగుతోంది నాకు. అందుకేనేమో మొన్న రైలు గేటు దగ్గర కునుకు పట్టింది. బస్సు నిండా పిల్లలు. వెనక కారు హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. రేపు బస్సు తియ్యను. బస్సు ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పి డాక్టరు దగ్గరికి పోతాను."

"మతిపోయిందా? చెబితే నీ రూటు ఇంకొకరికిస్తారు. గురకకి డాక్టరేంటి, ఊరంతా నవ్వుతుంది," అన్నాడు ఓరెస్ట్.

"ఊరి సంగతి తర్వాత. ఇంట్లో నవ్వింది చాలు. నిద్రలో వచ్చే చప్పుడుకి ఇన్నాళ్లూ తలొంచాను, ఇక వంచను. తెలిసి తెలిసి పిల్లల్ని ఎక్కించుకుంటే మాత్రం అది నా తప్పు."

అన్నట్టే చేసింది. రూటు పోయింది. ఓరెస్ట్ మాటలు తగ్గించేశాడు. అయినా నిద్ర పరీక్ష ఫలితాల రోజున బండి అతనే నడపాల్సి వచ్చింది, ఆమె స్టీరింగ్ ముట్టనంది గనక.

"నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది. ఒక్కసారి కాదు, రాత్రంతా," అంది డాక్టరు. "గొంతులోకి గాలి పంపే మాస్కు పెట్టుకుని పడుకోండి. గుణం కనిపిస్తే మళ్లీ బస్సు నడపొచ్చు."

బయట బండిలో కూర్చున్నాక ఓరెస్ట్ తాళం తిప్పలేదు.

"నీకు ఊపిరాడని చోట నాకు నవ్వొచ్చింది వెర్నా," అన్నాడు. కళ్లలోంచి నీళ్లు జారాయి.

పోనీలే అనలేదామె. "ఏడిస్తే ఏడువు. బోదాన్‌కి మాత్రం నువ్వే చెప్పాలి, నీ నోటితో."

అక్కడే ఫోను చేశాడు. "తమ్ముడూ, ఆ రోజు మనం నవ్విందేమిటో తెలుసా?" అక్కడితో ఆపి ఫోను వెర్నా వైపు చాచాడు.

వెర్నా ఫోను అందుకోలేదు. అతని రెండో చెయ్యి పట్టుకుని, అతను మొత్తం చెప్పేదాకా అలాగే కూర్చుంది.