నెలిదా అమ్మమ్మ ఎక్కడుంది?

"ఆగండి బోధకుడు గారూ! మా అమ్మమ్మ ఎక్కడుందో పేరు పెట్టి చెప్పండి."

పుకల్పా ఊళ్ళో ఏటి రేవు పక్కన ఉన్న రేకుల చర్చిలో జనమంతా పాటలు పాడేవాళ్ళ వరస వైపు తిరిగారు. నెలిదా లేచి నిలబడి ఉంది.

ప్రసంగిస్తున్నది అబ్నేర్. బైబిలు పాఠశాలలో ఆఖరి సంవత్సరం కుర్రాడు. ఆ పిల్ల కంట్లో పడాలని ఆరు నెలలుగా చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇవాళ పడ్డాడు.

"యేసు పేరు వినకుండా పోయినవాళ్ళందరికీ నరకమే అన్నారుగా! ఏటికి ఎగువన మా ఊరికి సువార్త చెప్పేవాళ్ళ పడవ రాకముందే మా అమ్మమ్మ పోయింది. వరదలో పడవ బోల్తా పడితే ఎవరిదో పసిబిడ్డను లాగి, తన పాలిచ్చి పెంచింది. ఆ బిడ్డే మా అమ్మ డెల్ఫినా. అదిగో, మొదటి బల్ల మీద. మీరు ఆ ముక్క అన్నప్పుడల్లా తల దించుకుని ఏడుస్తుంది."

"వాక్యం ప్రకారం..." అబ్నేర్ నసిగాడు.

"మా అమ్మ మొహం చూసి చెప్పండి!"

చూశాడు. బైబిలు మూసేశాడు. నెలిదా తల్లి చెయ్యి పట్టుకుని వానలోకి నడిచింది. అబ్నేర్ తడుస్తూ వెనకాలే పరిగెత్తాడు.

"నెలిదా! నాకు నేర్పిందే చెప్పాను."

"చిలక్కీ నేర్పుతారు."

"కోపం తగ్గాక మాట్లాడదామా?"

"తగ్గదు! పడవ ఆలస్యంగా వస్తే శిక్ష మా అమ్మమ్మకా? నాలుగు రోజుల ప్రయాణానికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందని పడవ వాళ్ళని అడగవేం?"

ఆ వారమంతా అతనికి తిండి సయించలేదు. పాస్టరు గారిని అడిగితే, "నరకం భయం లేకపోతే సువార్తకి ఎవడు కదులుతాడోయ్?" అన్నారు. ఈసారి అబ్నేర్‌కే ఒళ్ళు మండింది.

ఆదివారం మైకు పట్టుకున్నాడు. "పోయినవారం నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పాను. రక్షణ క్రీస్తు వల్లేనని నమ్ముతాను. ఆయన పేరు వినని మనిషిని ఆయన ఎలా చూస్తాడో నాకు తెలీదు. తీర్పు ఆయనది, నాది కాదు. డెల్ఫినమ్మా, నన్ను క్షమించండి."

పాస్టరు గారు మైకు లాక్కున్నారు. సాయంత్రానికల్లా అబ్నేర్‌కి ప్రసంగాలు లేకుండా చేశారు.

మర్నాడు బజారులో, డెల్ఫినా చేపలు కాల్చి అమ్మే చోటికి వచ్చి నిలబడ్డాడు.

"ప్రసంగాలు పోయాయటగా?" అంది నెలిదా, నిప్పుల మీద అరటికాయలు తిప్పుతూ.

"పోయాయి. ఇంకా కోపమేనా?"

"కోపమే! ఇంకెవరన్నా అంటే పట్టించుకునేదాన్నే కాదు. నువ్వన్నావనే మండింది." అనేసి నాలిక కరుచుకుంది.

"అంటే..."

"అంటే లేదు, గింటే లేదు!"

డెల్ఫినా నవ్వు ఆపుకుంటూ ముక్కాలిపీట జరిపింది. "ఎందుకొచ్చావో తెలుసులే నాయనా. నా పిల్లని అడిగే ముందు మా అమ్మ ఎవరో తెలుసుకో. కూర్చో."

అబ్నేర్ కూర్చున్నాడు. మూతి ముడుచుకునే నెలిదా కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పండమ్మా," అన్నాడు. "ఇన్నాళ్ళూ నేనే మాట్లాడాను."