లహపా వదులు చెయ్యని తీగలు

మొగలిచెట్ల మలుపులో లహపా ఇల్లుంది. పొద్దువాలాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ ఈల వేసుకుంటూ పోరు. మా మోలొకాయి దీవి తూర్పుగట్టున రాత్రి ఈల ఎక్కడ వేసినా తప్పే గాని, అక్కడ మాత్రం గొంతు సవరించుకోవడానికి కూడా జనం జంకుతారు. తలుపుకు తాళం లేదు. లోపల గోడకు ఒక గిటారు. దాన్ని దింపినవాళ్ళు లేరు… అయినా కొన్ని రాత్రులు అది పలుకుతుందని, తీగల మీద ఉక్కుకడ్డీ జారిన చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

నేను ఆ ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఈ కథలో కొంత నేను చూసింది. అసలుది మాత్రం లహపా శిష్యుడు పిలిపో నాతో చెప్పింది. వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

మా వైపు పాట ఎవరైనా వాయించుకోవచ్చు. శ్రుతి మాత్రం ఇంటి సొత్తు. ఏ తీగను ఎంత దించాలో తల్లి బిడ్డకు చెబుతుంది, పరాయివాళ్ళకు చెప్పదు. అందుకే గిటారు కింద పెట్టేముందు బిరడలు తిప్పి తీగలన్నీ వదులు చేసేస్తారు. అలా చెయ్యకుండా లేచిపోవడం, ఇంటి తలుపు బార్లా తెరిచి ఊరెళ్ళిపోవడం ఒకటే.

పిలిపో నాలుగేళ్ళు లహపా దగ్గర నేర్చుకున్నాడు. గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకోవడం, ఎడమచేత్తో ఉక్కుకడ్డీని జార్చడం — అన్నీ నేర్పింది. శ్రుతి కట్టేటప్పుడు మాత్రం అటు తిరిగి కూర్చునేది. ఊరందరికీ ఆమె టూటూయే, అంటే నాయనమ్మ.

"టూటూ, నాకు నీ మొహం కంటే నీ వీపే బాగా గుర్తు," అనేవాడు.

"మంచిదిరా. వీపుకు ముడతలుండవు," అనేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె కొడుకు కవికా పడవ పగడపు దిబ్బ దగ్గర బోల్తాపడింది. మేం విసిరిన తాడును నడుముకు కట్టుకున్నాడు. ఆరుగురం లాగుతున్నాం, నీళ్ళు అటు లాగుతున్నాయి. "ఇంకో చెయ్యి… ఒక్క చెయ్యి," అని ఊరి వైపు తిరిగి కేకలేశాం. లహపా పరుగెత్తుకొచ్చి తాడు పట్టుకుంది. అరవై దాటిన చేతులవి.

తాడు మా అరచేతుల చర్మం ఒలుచుకుని జారిపోయింది.

మర్నాడు పిలిపో హొనొలులు పడవ ఎక్కేశాడు. ఆ ఏడుపుల్లో ఎవరూ పట్టించుకోలేదు. నెల పోయాక లహపాను పలకరించడానికి వెళ్తే, గోడకున్న గిటారు కనబడింది. తీగలు బిగువుగా ఉన్నాయి.

"టూటూ, తీగలు వదులు చెయ్యలేదే," అన్నాను.

"ఉండనీ మేష్టారూ. వాడు రావాలిగా. వచ్చాక చేస్తా."

"ఎవడు?"

 నా అరచేతులు తిప్పి చూసి, మానిన మచ్చలు నిమిరింది. రెండేళ్ళకు చనిపోయింది. ఆ తీగలు అలాగే ఉండిపోయాయి.

అక్కడ హొనొలులులో పిలిపో పేరు మారుమోగింది. పెద్ద హోటలు వరండాలో సాయంత్రాలు వాడి గిటారే. వాయిస్తుంటే దొరలు పేముకుర్చీల్లో తలలు వాల్చి నిద్రపోయేవారట. వాడు వాయించే పాట ఒకటి రికార్డుగా కూడా వచ్చింది. మా దుకాణంలో పెడితే నేనూ విన్నాను. మనసు ఒళ్ళు విరుచుకుని పడుకున్నట్టుండేది. కాని అది లహపా శ్రుతి. ఇంట్లో పుట్టినవాళ్ళకు తప్ప రాకూడనిది. చివర మాత్రం లేదు… పాట ఒకచోటికి వచ్చి, గొంతు తగ్గించుకుని తప్పుకునేది.

వాడు వెళ్ళిన పదకొండేళ్ళకు, ఒక సాయంత్రం, గిటారు పెట్టెతో పిలిపో దిగాడు. తెల్ల బూట్లు. దుకాణం నడిపే మేలే వాణ్ణి ఎగాదిగా చూసింది.

"నీ పాట వింటే నిద్ర పడుతుందట కదరా. మా ఆయనకు మూడేళ్ళుగా నిద్ర లేదు. వచ్చి వాయించి పో, చేపలు పెడతా."

"మీ ఆయనకు నిద్ర లేకపోవడానికి కారణం నువ్వేమో వదినా."

"మాటలకేం. ఆ పాట చివర ఎందుకు వాయించవు? రాదా?"

పిలిపో మొహం మాడిపోయింది. నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"వచ్చే వారం పెద్ద కచేరీ, మేష్టారూ. ఈసారి వినేవాళ్ళు నిద్రపోరు. అంతా వాయించేవాళ్ళే. చివర లేకపోతే దొంగపాటని తేలిపోతుంది. ఇక గిటారు ముట్టనివ్వరు నన్ను." గొంతు తగ్గించాడు. "టూటూ ఇంట్లో రాత్రిళ్ళు వినబడుతుందట… నిజమేనా?"

వెళ్ళొద్దన్నాను. వాడు వెళ్ళాడు.

తెల్లారి బడి తలుపు తీయడానికి పోతే, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది — ఎవరిదో చెయ్యి తెచ్చి పెట్టుకున్నట్టు.

"చీకట్లో కూర్చున్నా," అన్నాడు. "ఒళ్ళో నా గిటారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గోడ వైపు… బిరడ కిర్రుమంది."

మొదటి తీగ మోగుతూ కిందికి దిగిందట. వాడికి ఒళ్ళు జలదరించినా సంతోషమే. తీగను దించే కదా మేం శ్రుతి కట్టేది. ముసలమ్మ మొదటి నుంచి కట్టి చూపిస్తోందనుకున్నాడు. ఆ చప్పుడు వెంటే తన బిరడా తిప్పాడు. చిటికెనవేలు చల్లబడింది. సముద్రపు గాలిలే అనుకున్నాడు.

రెండో తీగ. ఇంకా కిందికి. ఉంగరపువేలు.

మూడోది… నాలుగోది… వేళ్ళు ఒక్కొక్కటే మొద్దుబారుతున్నా తిప్పుతూనే ఉన్నాడు. ఆరో తీగ శ్రుతి ఒక్కటి దొరికితే చాలు, పాట చివర చేతికొస్తుంది.

"ఆరోదే ఎందుకురా?" అని అడిగాను.

కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే నిమిరాడు.

"కవికా పోయినరోజు ఆమె అయిదు తీగలకే శ్రుతి కట్టింది, మేష్టారూ. ఆరోది కట్టబోతుంటే కేకలు వినబడ్డాయి. వదులు చెయ్యకుండానే గిటారు పడేసి పరుగెత్తింది… నేను ఉండిపోయాను. అయిదూ మీటి గుర్తుపెట్టుకున్నాను."

నా అరచేతులు మండాయి.

"మా కేకలు నీకు వినబడ్డాయా?"

"ఆమె కంటే ముందే వినబడ్డాయి."

మిగతాది కూడా వాడే చెప్పాడు.

"అయిదో తీగ దిగింది. నా బొటనవేలు పోయింది. అప్పుడు తెలిసింది… ఆమె శ్రుతి కట్టడం లేదు. గిటారు కింద పెట్టేవాళ్ళు చేసే పని చేస్తోంది. నా తీగలు నాచేతే విప్పిస్తోంది. అంతలో చెవి పక్కన — 'ఇంకో చెయ్యి… ఒక్క చెయ్యి' — అని మెల్లగా. ఆరో బిరడ కిర్రుమనకముందే పారిపోయి వచ్చేశాను."

కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి చూపించాడు. వదిలాడు. టప్పున పడింది.

"పాటంతా పోయింది, మేష్టారూ. ఒక్క స్వరం కూడా గుర్తు లేదు."

మధ్యాహ్నం పడవలో వెళ్ళిపోయాడు. నేను పిల్లలకు సెలవిచ్చి ఆ ఇంటికి పోయాను. పట్టపగలు. గోడ మీది గిటారుకు దుమ్ము పట్టి ఉంది, ఎవరి వేలిముద్రా లేదు. అయిదు తీగలు ఎండిన లతల్లా వేలాడుతున్నాయి. ఆరోది బిగువుగా ఉంది. వదులు చేద్దామా అని చెయ్యి చాచాను. మచ్చలున్న చెయ్యి… వెనక్కి తీసుకున్నాను. అది నా పని కాదు.

తొమ్మిదేళ్ళు ఆ తీగ అలాగే ఉంది. ఏటా ఒకసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

కిందటి వర్షాకాలంలో, ఒక రాత్రి జబ్బు చేసిన పిల్లవాణ్ణి చూసి వస్తూ ఆ మలుపు దాటుతున్నాను. ఇంట్లోంచి పాట వినబడింది. రికార్డులో విన్నదే. నిలబడిపోయాను. తప్పుకునే చోటికి వచ్చింది… తప్పుకోలేదు. సాగింది. ఒడ్డుకు చేరి, ఇసుక మీద వాలి, ఆగింది. ఆ పాటకు చివర ఉందని, అది అంత హాయిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాత ఆరో బిరడ కిర్రుమంది. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు.

తెల్లారి దుకాణం అరుగు మీద కూర్చున్నాను. మేలే కాఫీ ఇచ్చింది.

"ఏంటి మేష్టారూ, పొద్దున్నే పడవ కోసమా? ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రారు," అన్నాను. "పిలిపో కబురు వస్తుంది."