పావువంతు కారు

2094లో విశాఖలో అడ్డంగా ఆపిన కారు కోసం ఎవరూ హారన్ కొట్టడం లేదు. ఒక్క మనిషి భుజం ఆనించి పక్కకు నెట్టేస్తున్నాడు. ప్రతి కారులోనూ ‘లఘుకారి’ ఉంది మరి. మీట నొక్కితే కారుదీ, లోపలి మనుషులదీ ద్రవ్యరాశి పావువంతుకు దిగిపోతుంది. గుద్దుకున్నా దెబ్బ పావువంతే.

దాన్ని కనిపెట్టింది హైమవతి. ఆమె భర్త అరకు ఘాట్‌రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. ఇంకో ఇంటికి ఆ గతి పట్టకూడదని ఆమె పదకొండేళ్లు ఒళ్లు హూనం చేసుకుంది. తీరా తొలి ఏడాది లెక్కలు చేతికొచ్చాయి. నిరుడు రోడ్ల మీద పోయినవాళ్లు 412 మంది. ఈ ఏడు 415.

“మన యంత్రంలోనే తప్పుందా, నూకరాజూ?” అని సహ పరిశోధకుణ్ణి మూడోసారి అడిగింది.

“యంత్రం బానే ఉందండి. గతిజశక్తిలో ద్రవ్యరాశి ఒక్కసారే వస్తాది, వేగం వర్గమైపోతాది గదా. కారు తేలికైందని జనం రెట్టింపు స్పీడు తోల్తన్నారు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు పావులు ఒకటి. ఎక్కడేసిన గొంగళి అక్కడే.”

అంతటితో పోతే బాగుండేది. మూడింటికి విజయనగరంలో రవాణా కమిటీ కూర్చుంటోంది. వేగాన్ని పాతదానికి మూడు రెట్లకు పెంచడానికి అనుమతి ఇవ్వబోతోంది. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది పావులు రెండుంబావు. దెబ్బ పాత రోజులకన్నా రెట్టింపు దాటుతుంది. ఆపాలంటే హైమవతి స్వయంగా వెళ్లి అభ్యంతరం చెప్పాలి. నమ్మకం కుదరక లెక్కను మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చున్న ఆమె గడియారం చూసేసరికి రెండూ నలభై.

ఇద్దరూ పరుగున కారెక్కారు.

“అరవై కిలోమీటర్లండి. పాత స్పీడులో గంట పడతాది,” అన్నాడు నూకరాజు బెల్టు పెట్టుకుంటూ.

ఆమె అప్పటికే నూట ఇరవై దాటించింది.

“మేడం, రెట్టింపు అయిపోనాది.”

“తెలుసయ్యా! అవతల వందల ప్రాణాల పని.”

“ఆ నాలుగొందల పదిహేను మందికీ ఏదో అర్జెంటు పనే ఉండుంటాదండి.”

భర్త ముఖం హైమవతి కళ్లముందు కదిలింది. కాలు కాస్త సడలింది కూడా. అంతలో గడియారం కనబడింది. రెండూ నలభై ఎనిమిది.

“నేను జాగ్రత్తగానే నడుపుతున్నాగా,” అంటూ మళ్లీ కాలు అదిమింది. ముల్లు నూట ఎనభైకి చేరింది.