D4 బదులు మెలిక

ఉదయం తొమ్మిదింటికి D4 అనే రహస్య స్థావరం వాచ్‌మన్ శవమై దొరికాడు. మెడ మీద చిన్న సూది పోటు తప్ప ఒంటి మీద ఇంకే దెబ్బా లేదు.

"D4 శత్రువుల చేతికి చిక్కింది," అన్నాడు పెద్దాయన బ్రీఫింగ్‌లో. "తలుపు తీస్తే బాంబు పేలుతుంది. మనవాళ్ళు ఆరుగురు పదకొండింటికి అక్కడే కలవాలి. దారి మళ్ళించు."

ఏజెంట్ గద్ద కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ ఆరుగురిలో ప్లంబర్ వేషంలో బయల్దేరినవాడు అతని సొంత తమ్ముడు.

"అక్కడికి దగ్గర్లోని మన దర్జీ కొట్టుకి పంపిద్దాం," అంది ఏజెంట్ నెమలి, లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. "దాని కోడ్ &. మెలికపడ్డ దారంలా ఉంటుందని నేనే పెట్టాను." ఆమె నవ్వుకి పడనివాడు ఆ శాఖలో లేడు. గద్ద కూడా పడ్డవాడే.

ఏజెంట్ల వాచీల్లో సందేశం కనబడుతుంది, అంతే. బదులివ్వడం కుదరదు. దొంగ సందేశాలు పోకుండా పెద్దాయన మరో నియమం పెట్టాడు: కొత్తగా టైపు చేసినదేదీ బయటికి పోదు, ఉన్న సందేశాన్నే స్క్రిప్టుతో, అంటే యంత్రానికిచ్చే ఆజ్ఞతో, మార్చి పంపాలి. ఆ పని తెలిసిన గుమాస్తా పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. తప్పక గద్దే కూర్చున్నాడు. D4 ఉన్నచోటల్లా & పెట్టమని కొట్టాడు:

s/D4/&/g

'ఆరు మార్పులు. పంపడమైంది' అంది యంత్రం. గద్ద తన వాచీ చూసుకున్నాడు. "11 గంటలకి D4."

మళ్ళీ కొట్టాడు. D4. మళ్ళీ కొట్టాడు. D4. గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

"కార్లో వెళ్తాను సార్!"

"రెండు గంటల దారి. ఇప్పుడు పదిన్నర."

ఇరవై ఏళ్ళ సర్వీసులో గద్దకి ఏడుపు రావడం అదే మొదటిసారి. ఇరవయ్యోసారి ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తాడు. మత్తింజక్షన్‌తో నోరు మొద్దుబారి ఉంది.

"అయ్యో, అక్కల & అంతే 'ఉన్నదే మల్లీ పెత్తు' అని! ముందు బ్యాస్సాస్ పెత్తాలి!"

"ఏం సాసు?"

"గీత! వాలు గీత!"

గద్ద / పెట్టాడు. యంత్రం తప్పంది. పదీ యాభై ఎనిమిది.

"అతు వాలింది కాదు బాబూ, ఇతు!"

s/D4/\&/g

ఈసారి వాచీలో & వెలిగింది. పదీ యాభై తొమ్మిది దాటింది. వెనక నెమలి చప్పుడు చేయకుండా తలుపువైపు జరుగుతోంది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. లిప్‌స్టిక్ కిందపడి విరిగింది. అందులోంచి సూది బయటపడింది.

"తెలిసే పెట్టావా ఆ కోడ్?"

"మీ గుమాస్తా పాఠాలు నేనూ విన్నాను సార్," అంది నెమలి.

గద్ద అటు తిరగను కూడా లేదు. చేయగలిగిందేమీ లేదు. తమ్ముడు వాచీ చూశాడో, తలుపే తీశాడో. పదకొండూ పది. పావు. ఇరవై. అప్పుడు దర్జీ కొట్టు నుంచి ఫోన్ మోగింది.

"అందరం వచ్చేశాం అన్నయ్యా. నేనైతే D4 తలుపుకి తాళంచెవి కూడా పెట్టేశాను, అప్పుడే వాచీలో కోడ్ మారింది."

"ఒక్క నిమిషం ముందైనా వెళ్ళే అలవాటు నీకెప్పుడూ లేదు కదరా! అంత తొందరేమొచ్చింది?"

"నువ్వే కదా, D4, D4 అని మూడుసార్లు చెప్పావు. అర్జెంటేమో అని పరిగెత్తాను."