పెల్ రేవులో తెగిన తాడు

"థార్ప్ గారూ, నా ఊరి గొంతు కోశారు!"

గుమ్మంలోనే కూలబడిన ముసలాయన్ని చూసి డిటెక్టివ్ థార్ప్ సహాయకుడు వీక్స్ నివ్వెరపోయాడు. ఓబడయా పెల్! అడవి కొట్టి, రేవు కట్టి, పెల్ రేవు అనే ఊరిని నిలబెట్టిన మనిషి. ఇప్పుడు అయోవా రాష్ట్ర సెనేటర్. జిల్లా కేంద్రం పెల్ రేవుకా, పొరుగునున్న ఆష్బీకా అన్నది రేపు రాజధానిలో ఓటుతో తేలుతుంది. ఈ తెల్లవారుజామున ఆయన నది దాటాల్సిన పడవ తాడు ఎవరో కోసేశారు. వరద పడవను ఈడ్చుకుపోయింది.

"ఆష్బీ వంతెన మీంచి వెళ్లొచ్చుగా?" అన్నాడు వీక్స్.

"నా శవం కూడా ఆ వంతెన దాటదు!"

రేవు దగ్గర పడుకున్న ఆష్బీ వాడు క్రోల్‌ను జనం కమ్మరి కొట్టంలో కట్టేశారు. ఉరి తీయాలని కేకలు. థార్ప్ అతని అరచేతులు చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. కోసిన తాడుకేమో తారు దట్టంగా పట్టి ఉంది. నిన్న సాయంత్రమే పడవలో పెట్టిన పెల్ పెట్టె ఒడ్డున భద్రంగా ఉంది, పైన దుప్పటి కప్పి. అందరికీ కాఫీ పోస్తున్న విధవరాలు కెజయా బ్రూమ్ మధ్యమధ్య చేతులకు పందికొవ్వు రుద్దుకుంటోంది.

థార్ప్ దిగువన ఇసుకమేటకు చిక్కిన పడవ దాకా వెళ్లొచ్చి, అందరినీ కొట్టంలోకి పిలిచాడు.

"శత్రువైతే పెట్టె దించి దుప్పటి కప్పుతాడా? తారు కొవ్వుతోనే వదులుతుంది. కెజయమ్మా, మీరే చెబుతారా?"

ఆమె లేచి నిలబడింది. "నేనే కోశాను. అడుగు చెక్క పుచ్చిపోయిందని మూడుసార్లు చెప్పా. విన్నారా?"

"నేను కట్టిన పడవ..." అంటూ పెల్ గుడ్లురిమాడు.

"నా కర్ర అడుగులోంచి అవతలికి దూరింది," అన్నాడు థార్ప్. "ఈ వరదలో నది సగం కూడా దాటేవారు కాదు."

"ఊరు కట్టిన తొలి చలికాలం మీ విత్తనాల గింజలే నా పిల్లలకు వండిపెట్టారు," అంది కెజయా. "మిమ్మల్ని ఎలా మునగనిస్తాను? ఇతన్ని పట్టుకున్నారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. నోరు పెగల్లేదు. తప్పే."

పెల్ టోపీ తీశాడు.

"అమ్మా, నీ రుణం తీర్చుకోలేను," అని ముసలాయన క్రోల్ వైపు తిరిగాడు. "క్షమించు బాబూ. మీ వంతెన మీద నన్ను దాటనిస్తారా?"

"దాటిస్తా సెనేటర్ గారూ," అన్నాడు క్రోల్, "ముందు ఈ కట్లు విప్పించండి."